విడుదలకు పిమ్మట: రెండు ప్రత్తిసీమల సాహిత్యము

బానిసత్వము రద్దైనదని చట్టము ప్రకటించిన దినముతో చరిత్ర గ్రంథమున ఒక అధ్యాయము ముగియును. మరునాటి ఉదయమున విడుదల పొందినవాడు ఎచ్చటికి పోయెను, ఎవరి పొలమున నిలిచెను, ఎవరి వాకిట గంజి త్రాగెను అను ప్రశ్నలకు చట్టమున సమాధానముండదు. ఆ సమాధానమును వెదకిన సాహిత్యములలో ఇరువదవ శతాబ్దపు నల్లజాతి అమెరికనుల రచనలు ముఖ్యమైనవి. వానిలో జీన్ టూమర్ 1923లో ప్రకటించిన ‘కేన్’ అను గ్రంథమును ఈ వ్యాసమున ప్రధానముగా పరిశీలింపదలచితిని. కోవిల్‌పట్టి, విరుదునగరము పరిసరములలో తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబములకు జార్జియా రాష్ట్రపు చెరకుతోటల కథతో పనియేమి అని పాఠకులు అడుగవచ్చును. పనియున్నదని నా మనవి. అది ప్రత్తితో ఆరంభమగును.

నల్లరేగడి నేల, వానమీది ఆశ, కళ్లమున ప్రత్తికుప్ప: ఇవి మన కరిసల్ సీమకు ఎంత స్వంతములో అమెరికా దక్షిణ రాష్ట్రములకును ప్రత్తి అంత స్వంతము. రెంటికిని నడుమ సముద్రములున్నను విపణి ఒక్కటియే. 1861 మొదలు 1865 వరకు అమెరికాలో జరిగిన అంతర్యుద్ధమువలన ఆ దేశపు ప్రత్తి ఇంగ్లండు మిల్లులకు చేరుట దాదాపు నిలిచిపోయెను. వర్తకులు హిందూదేశపు ప్రత్తికై ఎగబడిరి. ‘తిన్నవెల్లి ప్రత్తి’ అను పేరుతో తూత్తుకుడి రేవున ఓడలకెక్కిన సరకునకు ధర మిక్కిలి పెరిగి, యుద్ధము ముగియగనే పడిపోయెను. 1876లో తూత్తుకుడికి రైలుమార్గము వచ్చినప్పుడు విరుదుపట్టియు కోవిల్‌పట్టియు ఆ దారిలోని స్టేషనులైనవి. 1901లో కోవిల్‌పట్టియందు వ్యవసాయ పరిశోధనా క్షేత్రము వెలసెను. అచ్చటి బానిసలను విడిపించిన యుద్ధమే ఇచ్చట మన తాతముత్తాతల యిండ్లకు నాలుగు డబ్బులు తెచ్చిన యుద్ధము. కావున ఆ బానిసల తరువాతి కథ మనకు పూర్తిగా పరాయి కథ కాదు.

ఆ కథను సంగ్రహముగా చెప్పుకొందము. 1863 జనవరి 1వ తేదీన అధ్యక్షుడు లింకను విముక్తి ప్రకటన వెలువరించెను. 1865 డిసెంబరులో రాజ్యాంగపు 13వ సవరణ అమలునకు వచ్చి, దాదాపు 40 లక్షలమంది చట్టము దృష్టిలో స్వతంత్రులైరి. అదే సంవత్సరారంభమున సేనాని షెర్మన్ తీరప్రాంతపు భూములను 40 ఎకరములకు మించకుండ విడుదలైన కుటుంబములకు పంచుటకు ఉత్తరువిచ్చియుండెను. కాని కొన్ని మాసములకే అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ ఆ భూములను పూర్వపు యజమానులకు మరల ఇప్పించెను. చేతికి స్వేచ్ఛ వచ్చినది. కాలిక్రింద నేల రాలేదు. నిన్నటి యజమాని నేడు కామందయ్యెను. నిన్నటి బానిస పాలుసేద్యగాడయ్యెను. విత్తనము, పనిముట్టు, తిండిగింజ అన్నియు కామందు దుకాణముననే అప్పు. పంట వచ్చినప్పుడు లెక్క ఆయన పుస్తకముననే. చదువురానివానికి ఆ లెక్క ఏటేటను తీరదు. 1896లో సుప్రీముకోర్టు ప్లెసీ వ్యాజ్యమున తీర్పుచెప్పి, రైలుపెట్టెలలో జాతిని బట్టి వేరుచేయుటను చట్టసమ్మతము చేసెను. 1910 ప్రాంతమునుండి 1970 వరకు సుమారు 60 లక్షలమంది దక్షిణమును వీడి ఉత్తర, పశ్చిమ ప్రాంతముల నగరములకు వలసపోయిరి.

ఈ వలస సాగుచున్న కాలముననే టూమర్ దానికి ఎదురుగా, ఉత్తరమునుండి దక్షిణమునకు ప్రయాణించెను. అతడు 1894లో వాషింగ్టనునందు జన్మించెను. అతని మాతామహుడు పించ్‌బాక్ అంతర్యుద్ధానంతరము లూసియానా రాష్ట్రమునకు కొద్ది వారములపాటు గవర్నరుగా నుండెను. అమెరికాలో అట్టి పదవి వహించిన మొదటి నల్లజాతివాడు ఆయనయే. 1921 శరత్కాలమున టూమర్ జార్జియాలోని స్పార్టా అను చిన్న పట్టణమున, నల్లజాతి పిల్లల వృత్తివిద్యా పాఠశాలయందు తాత్కాలిక ప్రధానోపాధ్యాయుడుగా సుమారు రెండు మాసములు పనిచేసెను. అచ్చటి గుడిసెలనుండి వినవచ్చిన పాటలు అతనిని కదలించినవి. ఆ పాటలు పాడు జనులు పట్టణములవైపు తరలిపోవుచున్నారనియు, ఆ జానపద జీవనము తన కన్నులయెదుటనే అస్తమించుచున్నదనియు అతడు గ్రహించెను. ఆ అస్తమయమును పట్టిన గ్రంథమే ‘కేన్’. అది వెలువడిన 1923లోనే మన విరుదుపట్టి విరుదునగరమను పేరు దాల్చుట కాకతాళీయము.

గ్రంథరూపమును గూర్చి ఒక మాట చెప్పవలెను. దీనిని నవల అనుటకు వీలులేదు, కథల సంపుటమనుటకును వీలులేదు. కథకు కథకు నడుమ గీతములున్నవి. గద్యము కొన్ని తావుల పాటయగును. చివరి భాగము నాటకమువలె సంభాషణలతో నడచును. మొదటి భాగము జార్జియా పల్లెలు, రెండవది వాషింగ్టను, షికాగో నగరములు, మూడవది మరల జార్జియా. ఇట్టి ముక్కలైన నిర్మాణము ఆ కాలపు నవ్య రచయితలలో పెక్కుర యందు కానవచ్చును. ఎలియట్ ‘ది వేస్ట్ లాండ్’ అంతకుముందు సంవత్సరమే, 1922లో వెలువడినది. ఐతే ఎలియట్ ముక్కలు ఒకప్పుడు నిండుగానుండిన సంస్కృతి పగిలినందున ఏర్పడినవి. టూమర్ ముక్కలకు కారణము వేరు. వేలములో తల్లిని ఒకరికి, బిడ్డను వేరొకరికి అమ్మిన జాతికి అవిచ్ఛిన్నమైన వంశకథ ఎచ్చటిది? తాతనుండి మనుమని వరకు వరుసగా చెప్పు నవల వ్రాయుటకు తాత పేరు తెలిసియుండవలెను. ఆ పేరు లేనిచోట పాట, పుకారు, అరచెప్పిన వాక్యము మాత్రమే ఆధారములు. అందుచేత ఈ గ్రంథపు అతుకులు విషయమునకు తగిన అతుకులని అంగీకరింపవలెను.

మొదటి భాగమున ‘బెకీ’ అను కథ కలదు. బెకీ తెల్లజాతి స్త్రీ; ఆమెకు ఇద్దరు నల్లబిడ్డలు. తెల్లవారును నల్లవారును ఆమెను వెలివేయుదురు. ఐనను రెండు జాతులవారును ఎవరికిని తెలియకుండ ఆమెకొక గుడిసె కట్టింతురు, తిండి చేరవేయుదురు. గుడిసె నిలిచిన తావు రైలుపట్టాలకును బాటకును నడుమనున్న ఇరుకుచోటు. చివరకు పొగగొట్టము కూలి ఆమె దానిక్రిందనే పోవును. వెలివేయుటకును దయచూపుటకును ఒకే చేయి చాలునని ఈ కథ చెప్పును. ఊరిచివరి గుడిసెను, పెరటిదారిన పెట్టు అన్నమును ఎరిగిన మనకు దీని భావము విప్పి చెప్పనక్కరలేదు.

ఈ భాగమున చివరిదగు చంద్రోదయపు కథ మరింత దారుణమైనది. లూయీజా అను నల్లజాతి యువతి స్టోన్ అను తెల్లవారి యింట వంటపని చేయును. ఆ యింటి కుమారుడు బాబ్ ఆమెను కోరును. పొలమున పనిచేయు టామ్ బర్‌వెల్ ఆమెను పెండ్లాడదలచును. కత్తిపోరులో బాబ్ మరణించును. గుంపు టామ్‌ను పట్టి, పాడుబడిన ప్రత్తి కర్మాగారమున సజీవముగా దహించును. ఇందు ఒక చిన్న మాటను విమర్శకులు అంతగా పట్టించుకొనరు. టామ్ లూయీజాతో, పెద్ద స్టోన్ తనను నమ్మినచో వచ్చే యేడు తనకు స్వంత సేద్యమేర్పడునని చెప్పును. దాస్యము తొలగి అర్ధశతాబ్దము దాటినను స్వంత సేద్యమను కల యజమాని నమ్మకముపైననే ఆధారపడియున్నది. కథలోని మంటకన్న ఈ ‘నమ్మినచో’ అను మాటయే నాకు విడుదలానంతర జీవితమును ఎక్కువగా తెలుపుచున్నది. బాబ్ ఆలోచనయు ఇట్టిదే. పూర్వము తన వంశమువారు వంటయింట చొరబడి తమకు కావలసినదానిని దాపరికము లేక తీసికొనెడివారనియు, తాను దొంగవలె పొలములవెంట తిరుగవలసివచ్చెననియు అతడు చిన్నబుచ్చుకొనును. చట్టము మారినది, మారినందులకు యజమాని కుమారునికి అవమానము, పనివానికి ఆశ. రెండును ఎదురుపడినచోట ఆ పాత కర్మాగారము మరల రగులుకొనెను.

ఈ గ్రంథమున దోషములు లేకపోలేదు. మొదటి భాగపు స్త్రీలు, కరింతా మొదలు ఫెర్న్ వరకు, పురుషుల చూపులో మాత్రమే జీవింతురు. వారి అందము సంధ్యాకాలముతో, చెరకు వాసనతో పోల్చబడును. వారు ఏమి తలచిరో మనకు అరుదుగా తెలియును. ఈ లోపమును 1937లో జోరా నీల్ హర్‌స్టన్ తన నవలలో దిద్దెను. అందు జేనీ అను స్త్రీ తన మూడు పెండ్లిండ్ల కథను తానే నెచ్చెలికి చెప్పుకొనును. టూమర్ రెండవ లోపము శ్రమకు సంబంధించినది. పొగమంచు, పైన్ చెట్ల పొగ, పాట, వెన్నెల వీనికి అతని గ్రంథమున దొరకిన చోటు అప్పుపుస్తకమునకు దొరకలేదు. నేల ఎంత అందముగానున్నదో చూపుటలో ఆ నేల ఎవరిదో చెప్పుట వెనుకబడినది. దానిని పూరించినవాడు తెల్లజాతికి చెందిన విలియం ఫాక్‌నర్. 1942లో ప్రకటించిన ‘గో డౌన్, మోజెస్’ నందు ఐజాక్ అను వారసుడు తన పూర్వుల దుకాణపు పాత ఖాతాలు తిరగవేయును. అందు బానిసల కొనుగోళ్లతోపాటు తన తాత చేసిన ఘోరపాపమును బయటపడును. ఆ యింటి లెక్కలు విడుదలతో ఆగిపోలేదు. పాలుసేద్యగాండ్ర అప్పులుగా సాగినవి. తాతల ఖాతాను మనుమడు చదువవలెనను ఈ భావము మనకు ముందు అవసరమగును.

రెండవ భాగమున నగరములు వచ్చును. అందు రాబర్ట్ అను వాని చిత్రము చిన్నదైనను మరపురానిది. నీటిలో మునుగువాడు తలకు తొడుగుకొను లోహపు టోపీవలె అతడు తన యింటిని తలపై మోయుచు క్రుంగిపోవును. దక్షిణపు పొలమును వీడివచ్చినవానికి ఇల్లు, పరువు, మర్యాద అనునవి క్రొత్త బరువులైనవి. స్థిరపడుటకు చెల్లించిన మూల్యమును ఇంత తక్కువ మాటలలో చెప్పిన రచన అరుదు. ఇతర నగరకథలలో బిగువు అంత సమముగా లేదు. రచయిత తన పాత్రలకన్న తన ఆలోచనలను ఎక్కువగా వినిపించును.

గ్రంథమునకు గుండెకాయ మూడవ భాగమైన ‘కాబ్నిస్’. కాబ్నిస్ ఉత్తరమున చదువుకొని జార్జియాకు వచ్చిన ఉపాధ్యాయుడు. మద్యపానము కారణముగా కొలువు పోగొట్టుకొని, హాల్సీ అను బండ్లపనివాని కొట్టమున చేరును. ఆ కొట్టము క్రింద ఒక నేలమాళిగ. అందు గ్రుడ్డివాడు, వయోవృద్ధుడు, పూర్వపు బానిస ఐన ఫాదర్ జాన్ కూర్చుండియుండును. హాల్సీ చెల్లెలు కారీ కేట్ అతనికి అన్నము తెచ్చి పెట్టును. ఆ వృద్ధునితో తనకు ఏ సంబంధమును లేదని, తన పూర్వులు దక్షిణపు ఉన్నత కుటుంబీకులని కాబ్నిస్ మొండిగా వాదించును. తెల్లవారుజామున వృద్ధుడు చాలసేపు గొణిగి గొణిగి, తెల్లవారు చేసిన పాపమును ఒక వాక్యమున బయటపెట్టును: తమ స్వార్థమునకై వేదగ్రంథముచేతనే అబద్ధమాడించుట ఆ పాపము. కాబ్నిస్ వెక్కిరించును. ఆ మాటకు విలువనిచ్చునది కారీ కేట్ ఒక్కతెయే. కాబ్నిస్ చల్లారిన బొగ్గుల బకెట్టు మోసికొనుచు మెట్లెక్కును, బయట సూర్యుడుదయించును.

ఈ ఘట్టమున నేను గమనింపగోరునది వృద్ధుడు కూర్చున్న చోటు. పూర్వచరిత్ర ఇంటిలోనే కలదు, కాని నేలక్రింద కలదు. పైన బండ్లపని సాగును, వ్యాపారము జరుగును. క్రింద జ్ఞాపకము గొణుగుచుండును. చదువుకొన్నవానికి అది సిగ్గు. అన్నముపెట్టు బాలికకు అది పెద్దరికము. 1952లో రాల్ఫ్ ఎలిసన్ ప్రకటించిన ‘ఇన్విజిబుల్ మాన్’ లోను ఇట్టి తాత ఒకడు కలడు. జీవితమంతయు అణకువగానుండిన ఆ పూర్వపు బానిస మరణశయ్యపై తన బ్రతుకు ఒక రహస్యయుద్ధమని చెప్పి ఇంటిల్లిపాదిని భయపెట్టును. మనుమడు గ్రంథమంతయు ఆ మాటకు అర్థము వెదకుచునే యుండును. విడుదలానంతర సాహిత్యమున తాత ఎచ్చట కూర్చుండెను, ఆయన మాటను ఎవరు వినిరి అనునది ఆ సమాజమును కొలుచు మంచి కొలబద్ద.

ఆ కొలబద్దను ఇప్పుడు మన సీమకు తెచ్చుకొందము. కోవిల్‌పట్టి సమీపమున ఇడైచెవల్ గ్రామమున పుట్టి, ఇంట తెలుగు మాటలాడి, తమిళమున వ్రాసి 2021లో దివంగతులైన కి. రాజనారాయణన్ గారి ‘గోపల్ల గ్రామం’ 1976లో వెలువడినది. తెలుగునాటినుండి ఒక కుటుంబసమూహము తమ యింటి ఆడపడుచు మానమును కాపాడుకొనుటకై రాత్రికిరాత్రి బయలుదేరి, నదులు దాటి, అడవి కాల్చి, కరిసల్ నేలను సాగుకు తెచ్చిన కథ అది. దాని అనుబంధమైన ‘గోపల్లపురత్తు మక్కళ్’ 1991లో సాహిత్య అకాడమీ బహుమానము పొందెను. టూమర్‌తో ఈయనకు ఒక పోలిక స్పష్టము. ఈయనయు పాశ్చాత్య నవలారూపమును లక్ష్యపెట్టక, ముచ్చట, పురాణము, సామెత, ఊరిమాట వీనిని ప్రక్కప్రక్కన పేర్చి గ్రంథము నిర్మించెను. జానపదము అంతరించునను దిగులు ఇద్దరిలోను కలదు. ఈయన ఆ దిగులుతో కరిసల్ సీమ మాటలకు నిఘంటువునే కూర్చెను.

ఆ గ్రంథమున వలసకథను చెప్పునది మంగత్తాయారు అను వృద్ధురాలు. నూరేండ్లు ఏనాడో దాటిన ఆమె మాటలాడుచుండగా ఇల్లంతయు చుట్టుచేరి వినును. ఆమె కూర్చున్నది ఇంటి నడుమ. ఆమె జ్ఞాపకము కుటుంబమునకు గౌరవము, భూమికి పట్టా. ఫాదర్ జాన్ నేలమాళిగయందు గొణిగిన మాటతో దీనిని పోల్చి చూడుడు. రెండును పరదేశమునకు వచ్చిచేరిన పూర్వుల కథలే. రెంటను భయము, ప్రయాణము, పోయినవారి తలపు కలవు. కాని ఒకరు సంకెళ్లతో వచ్చిరి, ఒకరు తమ బండ్లపై వచ్చిరి. ఒకరు పరుల నేల దున్నిరి, ఒకరు తాము దున్నిన నేలకు యజమానులైరి. మన పూర్వుల కష్టము నిజము. ఐనను ఆ కష్టమును బానిసల కష్టముతో సమముగా చెప్పుకొనుట న్యాయము కాదు. మైనారిటీ భాషవారమను బాధ మనకు కలదు. ఆ బాధచేత మన చరిత్రయంతయు బాధితుల చరిత్రయే యని మనలను మనము నమ్మించుకొనరాదు.

మరి కరిసల్ సీమలో ఫాదర్ జాన్ ఎవరు? ఆయనయు తెలుగు మాటలాడువాడే యని జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. దక్షిణ, పశ్చిమ తమిళనాట అరుంధతీయులలో అనేకుల యింటిభాష తెలుగు. మన పూర్వుల బావులకు కపిలతోలు బాన కుట్టినవారు, కాలికి చెప్పు కుట్టినవారు, పాలేర్లుగా పొలమున మ్రగ్గినవారు, పట్టణములు పెరిగిన పిమ్మట వీధులు ఊడ్చినవారు వీరు. మన వలసకథలలో బండ్లు కలవు, ఎడ్లు కలవు, కులదేవతల పెట్టెలు కలవు. ఎద్దు మెడకు తోలుపట్టీ కుట్టిన చేయి కథలో కానరాదు. ‘గోపల్ల గ్రామం’ గొప్ప గ్రంథమే. కాని అది భూమిగల యింటి ముంగిట కూర్చుండి చూచిన గ్రంథము. ఆ ముంగిటికి రానివ్వబడనివారు దాని అంచులకు జారిపోయిరి.

అంచుననుండి చూచిన గ్రంథమును 1979లో పూమణి వ్రాసెను. ఆయన స్వస్థలము కోవిల్‌పట్టి దగ్గరి ఆండిపట్టి. ‘అజ్ఞాడి’ అను బృహన్నవలకు 2014లో సాహిత్య అకాడమీ బహుమానము పొందినవాడు. ఆయన తొలినవల పేరు ‘పిఱగు’. ఆ తమిళపదమునకు పిమ్మట అని అర్థము. తోలుపని చేయు అళగిరి అను అరుంధతీయుని జీవితము, అతని యింటివారి మంచిచెడ్డలు ఇందలి వస్తువు. కాలము స్వాతంత్ర్యానంతర దశాబ్దములు. నినాదములు లేవు, ఉపన్యాసము లేదు, కరిసల్ తమిళపు సంభాషణ మాత్రము కలదు. స్వరాజ్యము వచ్చెను, పిమ్మట ఏమి? అను ప్రశ్నయే శీర్షికయై నిలిచినది. టూమర్ గీతమువలె పాడినదానిని పూమణి దినచర్యవలె చెప్పెను. ఇందు వెన్నెల తక్కువ, పని ఎక్కువ. ‘కేన్’ లో కొరవడిన శ్రమజీవితమునకు ఇచ్చట కావలసినంత చోటు దొరకెను. ఊరి పెద్దలు అళగిరిపట్ల ఎల్లప్పుడును క్రూరులు కారు. కొన్ని వేళల ఆప్యాయముగానే పిలుతురు. ఆ ఆప్యాయమునకు హద్దు ఎచ్చటనో ఇరుపక్షములకును తెలియును. బెకీ గుడిసెకు దొంగచాటుగా తిండి తెచ్చిన ఊరికిని ఈ ఊరికిని దూరమెంతయో పాఠకులే నిర్ణయింతురు గాక.

చట్టము మాట చూచినను రెండు దేశముల కథ సమాంతరముగా నడచినది. హిందూదేశమున 1843లోనే 5వ చట్టముచేత బానిసత్వమునకు న్యాయస్థానముల గుర్తింపు తొలగింపబడెను. అనగా అమెరికాకన్న 22 ఏండ్లు ముందే. ఐనను అప్పుపేరిట తండ్రి పని కొడుకునకు సంక్రమించు వెట్టి కొనసాగినందుననే 1976లో వెట్టిచాకిరి నిర్మూలన చట్టము అవసరమయ్యెను. ‘గోపల్ల గ్రామం’ వెలువడిన సంవత్సరమును అదే. రెండు చట్టముల నడుమ 133 సంవత్సరములు! 2009లో తమిళనాడు ప్రభుత్వము షెడ్యూల్డు కులముల రిజర్వేషనులో 3 శాతము అరుంధతీయులకు ప్రత్యేకించుటయు, అదివరకు వచ్చిన విడుదల వారి గుమ్మము దాక రాలేదనుటకు సాక్ష్యమే.

ఈ పోలికను హద్దుమీరి సాగదీయరాదు. అమెరికా బానిసత్వము రంగుపై నిలిచినది, సంతలో కొని అమ్మినది. మన కులవ్యవస్థ జన్మపై, ఆచారముపై నిలిచినది. అచ్చట విడుదలకు పిమ్మట లక్షలమంది రైలెక్కి తమనెవరు నెరుగని నగరమునకు పోగలిగిరి. ఇచ్చట రైలు ఎక్కినను కులము వెంటనే దిగును. మరియొక భేదము మనకు మరింత ముఖ్యము. జార్జియాలో యజమాని తన భాషను బానిసపై మోపెను, ఆఫ్రికాభాషలు నశించినవి. కరిసల్ సీమలో పెక్కుచోట్ల కామందు భాషయు పాలేరు భాషయు పుట్టుకతోనే ఒకటి. అన్నము వేరు, బావి వేరు, శ్మశానము వేరు. తల్లి జోలపాట మాత్రము ఒకే భాషలో. భాష ఒకటైనంతమాత్రమున మనుష్యులు ఒకటి కారని, కానందున కలిగిన లజ్జ భాషాభిమానులకే ఎక్కువగా ఉండవలెనని దీనినుండి గ్రహింపవలెను.

తెలుగు సాహిత్యమున ఈ లజ్జకు పూర్వమే చోటు దొరకినది. ఉన్నవ లక్ష్మీనారాయణ గారి ‘మాలపల్లి’ 1922లో వెలువడి, మదరాసు ప్రభుత్వపు నిషేధమునకు గురియైనది. అందు సంగదాసు కామందు చేతిదెబ్బకు హతుడగును. మరుసటి యేట ‘కేన్’ లో టామ్ దహింపబడెను. రెండు ఖండములందు ఇద్దరు రచయితలు ఒకరినొకరు ఎరుగక, ఒకే కాలమున, పొలమున పనిచేయు యువకుని మృత్యువును గ్రంథమధ్యమున నిలిపిరి. 1941లో జాషువ గారు గబ్బిలమును దూతగా పంపి ఆకలిగొన్న అరుంధతీసుతుని మొర వినిపించిరి. కాని ఆ గబ్బిలము కోవిల్‌పట్టి దారిని ఎగురలేదు. తమిళనాట తెలుగువారి చరిత్రను మనము వ్రాసికొనునపుడు నాయకరాజుల దానశాసనములు, ఎట్టయపురము వంటి సంస్థానములు, రాజపాళయపు రాజుల పరిశ్రమలు, రెడ్ల, నాయుళ్ల వ్యవసాయము ఇవి సహజముగా ముందుకు వచ్చును. వ్రాయదగినవే. కాని ఆ చరిత్రకు ఒక నేలమాళిగ కలదు. అచ్చట ఒక తాత తెలుగుననే గొణుగుచున్నాడు.

మన సంఘములలో ఏటేట ఒక విచారము వినబడును: పిల్లలు తెలుగు చదువుట మానిరి, ఇంటిలో తమిళము మాటలాడుచున్నారు, మరియొక తరమునకు మన భాష మిగులదు అని. ఆ విచారము సత్యమే. ఆ తెలుగును బడి లేక, గ్రంథము లేక, సంఘము లేక, నోటిమాటగానే తరతరములు నిలుపుకొన్నవారిలో అరుంధతీయుల వాడలును కలవని మనమెన్నడు లెక్కించితిమి? వారి పాటలు, సామెతలు, పెండ్లిమాటలు, దేవతల కథలు ఏ సంచికలో అచ్చైనవి? కి. రాజనారాయణన్ గారు పల్లెపల్లె తిరిగి కథలు సేకరించిన మార్గము మనకు తెలిసినదే. ఆ మార్గమున మరికొన్ని అడుగులు వేసి, ఆ వాడల వృద్ధుల నోట వారి వలసకథను వారి తెలుగుననే విని వ్రాసికొనుట ఏ తెలుగు సంఘమునకైనను సాధ్యమైన పని. అందులకు భవనములు, విరాళములు అక్కరలేదు. వినుటకు పోవలెను, పోయినచోట నీరు పుచ్చుకొనవలెను.

‘కేన్’ వెలువడినపుడు కొన్నవారు కొద్దిమంది. దానిని నల్లజాతి గ్రంథమని, తనను నల్లజాతి రచయితయని పిలుచుట టూమర్‌కు ఇష్టము లేకుండెను. తాను కేవలము అమెరికనునని అతడు చెప్పుకొనెను. ‘కాబ్నిస్’ లో తాను చిత్రించిన నిరాకరణకు తానే కొంత లోనయ్యెనేమో యని తోచును. 1967లో అతడు మరణించెను. ఆ దశాబ్దపు చివరనే గ్రంథము మరల అచ్చై, నల్లజాతి యువరచయితలకు మూలగ్రంథములలో ఒకటియైనది. రచయిత విడిచిన తాతను పాఠకులు చేరదీసిరి. మన సీమకథయు మన పాఠకుల చేతిలోనే యున్నది. మంగత్తాయారు చెప్పగా వినిన చెవులు అళగిరి చెప్పునపుడును వినగలిగినచో ఆనాడు మన తెలుగు సంఘమునకు ఆ పేరు పూర్తిగా తగును.